దయ్యాల షో చూడండి... కానీ ఇలా చూడండి!

ఈ వారం టీవీలో దయ్యాల షో వచ్చినప్పుడు ఒక పని చేయండి. రిమోట్ తీసుకుని మ్యూట్ నొక్కండి.

ఐదు నిమిషాలు అలాగే చూడండి. ఏం కనిపిస్తోంది? ఆకుపచ్చ వెలుగులో నలుగురు మనుషులు ఒక పాడుబడ్డ ఇంట్లో తిరుగుతున్నారు. ఒకరి చేతిలో మీటరు, ఇంకొకరి చేతిలో కెమెరా. అప్పుడప్పుడు ఉలిక్కిపడి వెనక్కి చూస్తున్నారు. అంతే!

మరి ఇందాకటిదాకా మీ గుండె దడదడలాడించింది ఏమిటి? బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. గుసగుసలు. "విన్నారా? ఇప్పుడు విన్నారా?" అన్న యాంకర్ గొంతు. మిమ్మల్ని భయపెట్టింది ఎడిటింగ్ రూమ్. సాక్ష్యం ఇంకా మీ ముందుకు రానేలేదు.

ఈ తేడా పట్టుకున్నారా? శభాష్! మీ ట్రైనింగ్ మొదలైనట్టే.

షోలు చూడొద్దని నేను చెప్పను. చూడండి, భయపడండి, ఎంజాయ్ చేయండి. భయం శరీరం చేసే పని, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. "టీవీలో చూపించారు కదా, నిజమే అయ్యుంటుంది" అన్న అలవాటును మాత్రం మార్చుకోవాలి. మీరు మార్చుకోగలరు. సాక్ష్యాన్ని పరీక్షించడం పుట్టుకతో వచ్చే తెలివి కాదు, ప్రాక్టీస్‌తో వచ్చే స్కిల్. పదో తరగతి పిల్లాడికీ వస్తుంది, పెన్షన్ తీసుకునే తాతకీ వస్తుంది. మన మెదక్ జిల్లా శివ్వంపేటలో ఉన్నా వస్తుంది, బతుకుదెరువుకు షార్జా వెళ్ళినా వస్తుంది.

లైవ్‌లో మంత్రం పారలేదు

మంచి సాక్ష్యం ఎలా ఉంటుందో తెలియాలంటే 2008 మార్చి 3న మన దేశంలోనే టీవీలో జరిగిన ఒక ఘటన చూడండి.

ఛానల్ ఇండియా టీవీ. స్టూడియోలో ఒకవైపు పేరున్న తాంత్రికుడు, మరోవైపు హేతువాది సనల్ ఎడమరుకు. మంత్రంతో మూడు నిమిషాల్లో మనిషిని చంపగలనని తాంత్రికుడు అన్నాడు. అయితే నన్నే చంపి చూపించండి అన్నారు సనల్.

మంత్రాలు మొదలయ్యాయి. మూడు నిమిషాలు గడిచాయి. సనల్ నవ్వుతూ కూర్చున్నారు. ఛానల్ మిగతా కార్యక్రమాలు పక్కనపెట్టి ఇదే నడిపింది. తాంత్రికుడు నీళ్ళు చల్లాడు, కత్తి తిప్పాడు, సనల్ తల పట్టుకుని గట్టిగా నొక్కాడు. చేతులతో నొక్కడం కుదరదని యాంకర్ ఆపాల్సి వచ్చింది. చివరికి తాంత్రికుడు కొత్త మాట ఎత్తుకున్నాడు. ఈయన కొలిచే దేవుడెవరో చాలా శక్తిమంతుడు, అందుకే మంత్రం పారడం లేదు అన్నాడు. తాను నాస్తికుణ్ణని సనల్ జవాబిచ్చారు. ఇక మిగిలింది రాత్రి ప్రయోగం. అదైతే తప్పదన్నాడు. ఆ రాత్రి ఆరుబయట హోమం, పిండిబొమ్మ, అన్నీ అయ్యాయి. సనల్ నిక్షేపంగా ఉన్నారు.

ఇందులో మీరు నేర్చుకోవాల్సింది సనల్ ధైర్యం ఒక్కటే కాదు. ఆ పరీక్షను కట్టిన తీరు చూడండి.

ఏం జరుగుతుందో ముందే చెప్పారు. ఎంతసేపట్లో జరుగుతుందో చెప్పారు. జరగకపోతే ఓడినట్టేనని చూసేవాళ్ళందరికీ తెలుసు. ఓడాక సాకులు ఎలా పుట్టుకొచ్చాయో కూడా కెమెరా ముందే రికార్డయింది.

ఇప్పుడు దయ్యాల షోలో ఇవే వెతకండి. "ఈ రాత్రి ఇక్కడ ఏదో ఒకటి జరుగుతుంది" అంటూ లోపలికి వెళ్తారు. తలుపు కిర్రుమన్నా అదే దయ్యం. చలేసినా అదే. టీమ్‌లో ఒకరికి తల తిరిగినా అదే. ఏమీ జరగకపోతే "ఆత్మ మనతో మాట్లాడటానికి ఇష్టపడటం లేదు"! ఏం జరిగినా గెలుపే అనే ఆటలో గెలిచినవాణ్ణి మెచ్చుకోవాల్సిన పని లేదు.

సరైన రూల్స్ పెట్టి ఆడిస్తే ఏమైందో కూడా తెలుసుకోండి. మాయలూ మోసాలకు తావులేని పరిస్థితుల్లో అతీంద్రియ శక్తి చూపిస్తే లక్ష రూపాయలిస్తానని డాక్టర్ అబ్రహాం కోవూర్ 1963లో శ్రీలంకలో ప్రకటించారు. 1978లో ఆయన పోయేదాకా ఆ లక్ష ఎవరూ పట్టుకెళ్ళలేదు. అమెరికాలో జేమ్స్ రాండీ పెట్టిన ఇలాంటి బహుమతే 10 లక్షల డాలర్లకు చేరింది. 2015లో దాన్ని ముగించేదాకా ఒక్కరు కూడా గెలవలేదు.

"అయితే దయ్యాలు లేవని నువ్వు నిరూపించు!" అని ఎవరైనా మీ మీదకు వస్తారు. తడబడకండి. ఉందన్నవాళ్ళే చూపించాలి. మీ ఇంట్లో నా బంగారం ఉందని నేను అంటే, లేదని మీరు గోడలు తవ్వి చూపించరు కదా!

పరికరాలను మీ ఇంట్లోనే పరీక్షించండి

ఇక్కడ నిదానంగా చదవండి. చదివి వదిలేయకండి, చేసి చూడండి. ఒక్క రాత్రి చేస్తే చాలు, మీరు షో చూసే కళ్ళే మారిపోతాయి.

మొదట ఈఎంఎఫ్ మీటర్. లైట్లు టకటకా వెలిగే ఆ చిన్న డబ్బా. అది కొలిచేది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని. గోడలో వైరింగ్, వాకీటాకీ, టీమ్ మెంబర్ జేబులో సెల్‌ఫోన్, అన్నింటికీ అది వెలుగుతుంది. మీ ఫోన్‌లో అయస్కాంత సెన్సర్ రీడింగ్ చూపించే ఉచిత యాప్ ఒకటి వేసుకోండి. భూమి అయస్కాంత క్షేత్రం చోటును బట్టి సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్య ఉంటుంది. ఇప్పుడు ఫోన్‌ను ఇనుప బీరువా దగ్గరికి తీసుకెళ్ళండి. కిటికీ గ్రిల్ దగ్గరికి, స్పీకర్ దగ్గరికి తీసుకెళ్ళండి. అంకెలు ఎలా ఎగురుతాయో చూడండి! అసలు ప్రశ్న ఇంకోటి ఉంది. దయ్యం దగ్గర ఇంత రీడింగ్ వస్తుందని ఎవరు, ఎప్పుడు, ఏ దయ్యం మీద కొలిచి తేల్చారు? ఎవరూ తేల్చలేదు. జ్వరమంటే ఏమిటో తెలుసు కాబట్టి థర్మామీటర్ పని చేస్తుంది.

తర్వాత గాల్లో తేలే తెల్లటి గుండ్రటి వెలుగులు. ఆర్బ్‌లు, ఆత్మలు అంటారు. లైట్లన్నీ ఆపేయండి. పాత దుప్పటి ఒకటి బాగా దులపండి. వెంటనే ఫోన్‌తో ఫ్లాష్ వేసి వరుసగా ఫోటోలు తీయండి. స్క్రీన్ నిండా ఆత్మలే! లెన్సుకు చాలా దగ్గరగా ఉన్న దుమ్ము నలుసు ఫోకస్‌లో ఉండదు. ఫ్లాష్ వెలుతురు దాని మీద పడి నేరుగా లెన్సులోకి తిరిగొస్తుంది. కంటికి ఆనని నలుసు కాస్తా బంతి అంత కనిపిస్తుంది. తొలకరి వానలకు ఉసిళ్ళు లేచే రాత్రి వీడియో తీస్తే ఆ బంతులకు తోకలు, రెక్కలు కూడా వస్తాయి. ఫ్లాష్, లెన్సు ఎంత దగ్గరగా ఉంటే ఇవి అంత ఎక్కువ. పాడుబడ్డ బంగ్లాలో దుమ్ముకేం కొదవ? అడుగు వేస్తే లేస్తుంది.

ఆ ఆకుపచ్చ నైట్ విజన్ కూడా మాయ కాదు. టీవీ రిమోట్ కొనను ఫోన్ సెల్ఫీ కెమెరాకు చూపించి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో మినుకు మినుకుమనే వెలుగు కనిపిస్తుంది. మీ కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు అది. షో కెమెరా పక్కన అలాంటి లైటే ఉంటుంది. దాని ముందు నుంచి దోమ పోయినా మెరుస్తుంది.

ఇక నాకు అన్నింటికన్నా నచ్చిన పరీక్ష. ఈవీపీ అంటారు, రికార్డర్‌లో దొరికిన ఆత్మ గొంతు. షోలో ముందు బరబరమనే శబ్దం వస్తుంది. వెంటనే స్క్రీన్ మీద పెద్ద అక్షరాలు: "వెళ్ళిపో..." మళ్ళీ వినిపిస్తారు. అరే, నిజంగానే వెళ్ళిపో అంటోంది! ఆగండి. ఆ అక్షరాలు మీ చెవికి అందించిన చిట్టీ. పరీక్షలో చిట్టీ ఇచ్చాక వచ్చిన మార్కులకు విలువ ఉంటుందా? ఇలా చేయండి. ఆ క్లిప్ చూడని ముగ్గురిని పిలవండి. స్క్రీన్ చూపించకండి. షో పేరు చెప్పకండి, దయ్యం అన్న మాటే ఎత్తకండి. శబ్దం మాత్రం వినిపించి, వినిపించిన మాట ఏదైనా ఉంటే ఎవరికి వారు కాగితం మీద రాయమనండి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. ముగ్గురూ ఒకే మాట రాశారా? చాలాసార్లు మూడు కాగితాల్లో మూడు రకాలు ఉంటాయి, ఒకటి ఖాళీగా ఉంటుంది. మెదడు మాటలు వెతుక్కునే యంత్రం. ఫ్యాన్ చప్పుడులోనూ మన పేరు వినిపిస్తుంది.

చల్లటి చోట్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. వాళ్ళు గురిపెట్టే లేజర్ చుక్క థర్మామీటర్ గాలిని కొలవదు, ఎదురుగా ఉన్న గోడ ఉపరితలం వేడిని కొలుస్తుంది. పాత రాతిగోడ చల్లగా ఉంటుంది. అంతే.

ఓయిజా బోర్డు, గ్లాసు కదిలే ప్లాంచెట్ హాస్టల్ పిల్లలకు బాగా తెలుసు. ఇలాంటిదే బల్ల కదిలే ఆటను మైకేల్ ఫారడే 1853లోనే పరీక్షించారు. చేతుల కింద కదిలే అట్టలు పెట్టి చూస్తే, బల్లకన్నా ముందు మనుషుల చేతులే తోస్తున్నాయని తేలింది. తోస్తున్న సంగతి వాళ్ళకే తెలియదు! ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మోసం లేకుండా కూడా మనిషి తప్పు చెప్పగలడు. "ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు" అన్నంత మాత్రాన ఆయన చెప్పింది జరిగినట్టు కాదు. "రాత్రి ఎవరో గుండెల మీద కూర్చున్నారు, కదల్లేకపోయాను" అనే మనిషి కూడా నిజమే చెబుతున్నాడు. నిద్రలో మెదడు మేలుకుని ఒళ్ళు ఇంకా మేలుకోని స్థితి అది, స్లీప్ పెరాలిసిస్ అంటారు. అనుభవం నిజం. దానికి దయ్యమని పెట్టిన పేరే తప్పు.

భయపడ్డాక వెతికినవాడు

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజినీరు ఉండేవారు. ఒక రాత్రి ల్యాబ్‌లో ఒంటరిగా పని చేస్తుంటే ఒళ్ళు జలదరించింది. కంటి చివర బూడిదరంగు ఆకారం కనిపించింది. తిరిగి చూస్తే లేదు. ఆయనా భయపడ్డారు, ఇంటికి వెళ్ళిపోయారు. మరునాడు కత్తిసాము కత్తి ఒకటి బాగుచేద్దామని వైస్‌లో బిగిస్తే, ఎవరూ ముట్టకుండానే దాని కొస కొట్టుకోవడం మొదలెట్టింది!

మీరైతే ఏం చేసేవారు? ఆయన కత్తిని గదిలో ఒక్కో చోట పెట్టి, ఎక్కడ ఎక్కువ ఊగుతోందో చూశారు. చివరికి కొత్తగా పెట్టిన ఫ్యాన్ దగ్గర తేలింది. అది చెవికి వినబడని, సెకనుకు సుమారు 19 సార్లు కంపించే శబ్ద తరంగాన్ని పుట్టిస్తోంది. ఫ్యాన్ బిగింపు మార్చారు, గదిలో ఆ ఇబ్బంది పోయింది. 1998లో దీని మీద పేపర్ రాశారు. ప్రతి పాత ఇంటి కథకూ ఇదే కారణమని కాదు. వినబడని శబ్దం మనుషుల మీద చూపే ప్రభావం గురించి తర్వాతి పరిశోధనల్లో రకరకాల ఫలితాలు వచ్చాయి. మీకు కావాల్సింది ఆయన మైండ్‌సెట్. భయం వేసింది, అయినా మరునాడు కొలిచారు.

కథ ముందు, కొలత తర్వాత?

షో మొదట్లో పది నిమిషాలు కథ చెబుతారు. రాణి, ద్రోహం, చావు. అది విన్నాక కిటికీ రెక్క కదిలినా రాణే. కథ లేకుండా చూస్తే గాలి.

రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోటనే తీసుకోండి. సూర్యాస్తమయం తర్వాత లోపలికి రావద్దని పురావస్తు శాఖ బోర్డు ఉంది. దాన్ని క్లోజప్‌లో చూపించి "ప్రభుత్వమే ఒప్పుకుంది!" అంటారు. మీరు వెంటనే అడగాల్సింది: మిగతా కోటల సంగతేమిటి? దేశంలో పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో చాలావాటికి సాయంత్రం గేటు వేస్తారు. మన గోల్కొండకూ వేస్తారు. ఆ బోర్డులో దయ్యం అన్న మాట ఎక్కడుంది?

గోల్కొండ అన్నాను కాబట్టి ఇంకో మాట. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. కట్టినవాళ్ళు శబ్దాన్ని అలా నడిపించారు. ఎక్కడో మాట్లాడితే ఇంకెక్కడో వినిపించే కట్టడంలో "మనిషి లేకుండా గొంతు వినిపించింది" అన్నది ఎంత బలమైన సాక్ష్యం? మీరే చెప్పండి.

షో గుట్టును లోపలి మనుషులే బయటపెట్టిన సందర్భం కూడా ఉంది. బ్రిటన్‌లో 2002లో మొదలైన 'మోస్ట్ హాంటెడ్' చాలా పేరున్న షో. డెరెక్ అకోరా అనే మీడియం ఆత్మలను ఒంటి మీదికి రప్పించుకునేవాడు. అదే షోలో పని చేసే సైకాలజిస్టు కియరన్ ఓకీఫ్‌కు అనుమానం వచ్చింది. లేని మనుషుల పేర్లు కల్పించి, అకోరా చెవిన పడేలా చేశారు. వాటిలో ఒకటి క్రీడ్ కాఫర్. కాసేపటికి ఆ క్రీడ్ కాఫర్ ఆత్మే అకోరాను ఆవహించింది! ఆ పేరు ఇంగ్లీషు అక్షరాలను తిరగేసి పేర్చితే వచ్చేది డెరెక్ ఫేకర్. 2005లో ఈ సంగతి పత్రికకెక్కింది. ఆ ఏడాదే బ్రిటన్ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, ఇది పరిశోధన కాదు, వినోద కార్యక్రమం అని తేల్చింది. వినోదం కాబట్టి ప్రేక్షకుల్ని మోసం చేసినట్టు కాదంది. ఈసారి షో మొదట్లో చిన్న అక్షరాల్లో వచ్చే డిస్‌క్లెయిమర్‌ను పాజ్ చేసి చదవండి. వాళ్ళే మీకు చెప్పేస్తుంటారు.

ఇది మన జిల్లా విషయం

"టీవీ షోనే కదా, దానికింత అవసరమా?" అంటారా? అవసరం. గట్టిగా చెబుతున్నాను, మెదక్ జిల్లాలో మరీ అవసరం.

1980లలో మెదక్ జిల్లా బాణామతి (ఒక రకం చేతబడి) అంటే రాష్ట్రమంతా తెలిసిన మాట. ఉన్నట్టుండి బట్టలు అంటుకున్నాయని, ఇంటి మీద రాళ్ళు పడ్డాయని, ఆడపిల్ల గొంతు మారి అరుస్తోందని ఊళ్ళకు ఊళ్ళు వణికాయి. డాక్టర్లు, హేతువాదులు ఊరూరా తిరిగి ఒక్కో సంగతినీ విడమరచి చెప్పాల్సి వచ్చింది. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఇప్పటికీ స్టేజీ మీద ఈ 'మహిమలు' చేసి, వెంటనే గుట్టు విప్పుతుంటారు. తెల్ల భాస్వరం గాలి తగిలితే 30 డిగ్రీల పైచిలుకు వేడికే అంటుకుంటుంది. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పడితే కాసేపటికి మంట లేస్తుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. అది మీ ఇంట్లో దిష్టి నీళ్ళలో రోజూ చూసేదే. భూతవైద్యుడి పళ్ళెంలో అదే ఎరుపు 'రక్తం' అయిపోతుంది.

ఈ పాఠం అందని చోట ఏమవుతుంది? 2024 అక్టోబరులో ఇదే జిల్లా రామాయంపేట మండలం కాట్రియాలలో, చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఒక మహిళకు నిప్పంటించారు. ఆమె చనిపోయింది. అక్కడ ఎవరి దగ్గరా సాక్ష్యం లేదు. "అందరూ అంటున్నారు" ఉంది. ఒక్కరు, ఒకే ఒక్కరు లేచి "ఎవరు చూశారు? ఏం చూశారు?" అని అడిగే అలవాటు ఆ ఊరికి ముందే ఉండి ఉంటే!

చదువుకుంటే చాలు అనుకోకండి. 2021 జనవరిలో మదనపల్లెలో, మళ్ళీ బతికొస్తారన్న నమ్మకంతో కన్నకూతుళ్ళిద్దరి ప్రాణాలు తీసిన తల్లిదండ్రులు ఉన్నత చదువులు చదివి, పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్ళు. డిగ్రీ గోడకు వేలాడుతుంది. అలవాటు మీతో నడుస్తుంది.

ఇంట్లో ఎలా మాట్లాడాలి?

వెక్కిరించకండి. ఇది నా కచ్చితమైన రూల్. మీ అవ్వ "బిడ్డా, రాత్రిపూట ఆ చింతచెట్టు దిక్కు పోకు" అందనుకోండి. "అంతా ట్రాష్" అన్నారో, సంభాషణ అక్కడే చచ్చిపోతుంది. ప్రేమగా అడగండి.

"అవ్వా, అక్కడ ఎవరు చూసిండ్రు?"

"మీ పెద్దబాపు చూసిండట."

"పెద్దబాపూ, నువ్వు చూసినవా?"

"నేను చూడలే. మా దోస్తు చెప్పిండు."

ఇలా తాడు పట్టుకుని వెనక్కి వెళ్ళండి. చూసిన మనిషి దొరికితే కూర్చోబెట్టి వివరంగా వినండి. ఎన్ని గంటలకు? వెలుతురు ఎంత? ఎంత దూరం? ఒంటరిగా ఉన్నారా? అప్పుడు నిద్ర, జ్వరం, మందు ఏమైనా ఉన్నాయా? ఆయన్ని దొంగను చేయొద్దు, సాక్షిని చేయండి.

ఇంట్లో ఒక మనిషి ప్రవర్తన మారితే, వింత గొంతుతో మాట్లాడితే, నిద్రపోకపోతే, "గాలి సోకింది" అన్నవాళ్ళతో వాదనకు దిగి టైమ్ పోగొట్టకండి. మనిషిని దవాఖానకు తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416. ఫ్రీ కాల్, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేయండి. చేశారా? తర్వాతి పేరాకు వెళ్ళండి.

ఈ వారం నుంచే

ఒక చిన్న నోట్‌బుక్ కొనండి. షో చూసేటప్పుడు పక్కన ఉంచుకోండి. దయ్యం వచ్చిందన్న ప్రతి సీన్‌కూ, కింది ఒక్కో ప్రశ్నకు ఒక లైను రాయండి.

* కెమెరాలో నిజంగా కనిపించింది ఏమిటి? యాంకర్ చెప్పింది ఏమిటి? రెండూ వేరువేరుగా.
* దీనికి మామూలు కారణాలు ఏమేం ఉండొచ్చు? కనీసం రెండు.
* వాటిని వాళ్ళు పరీక్షించారా? కిటికీ మూశారా, ఫోన్లు ఆపారా?
* ఎక్కడ కట్ పడింది? కట్‌కు ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారు?

కారణం దొరకకపోతే కంగారొద్దు. "ఇంకా తెలియదు" అని రాయండి. తెలియదు అన్నచోట దయ్యాన్ని నింపకండి. ఖాళీగా ఉంచగలగడం చాలా పెద్ద స్కిల్, చాలామంది పెద్దవాళ్ళకు కూడా రాదు. మీకు వస్తుంది.

నాలుగు ఎపిసోడ్లు ఇలా చూశాక ఇదే నోట్‌బుక్‌ను వాట్సాప్ ఫార్వర్డ్‌లకు వాడండి. నెల రోజుల్లో డబ్బు రెట్టింపు చేస్తామన్న స్కీముకు వాడండి. అన్ని రోగాలకూ ఒకే మందు అన్న ప్రకటనకు వాడండి. ప్రశ్నలు పెద్దగా మార్చాల్సిన పని కూడా ఉండదు.

ఆ తర్వాత ఒక అడుగు ముందుకేయండి. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) ప్రకారం ప్రతి పౌరుడి విధి. 1976లో 42వ సవరణతో చేర్చారు. కేబుల్ టీవీ నిబంధనల్లోని ప్రోగ్రామ్ కోడ్ మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు వేయకూడదని స్పష్టంగా చెబుతోంది. ఏ ఛానలైనా హద్దు దాటిందనిపిస్తే తేదీ, టైమ్, సీన్ మీ నోట్‌బుక్‌లోంచి తీసి ఆ ఛానల్‌కే ఫిర్యాదు రాయండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 15 రోజుల్లో వాళ్ళు దాన్ని తేల్చాలి. తేల్చకపోతే ఛానళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేయండి. ఒక పేజీ చాలు. కోపం అక్కర్లేదు, మర్యాదగా రాయండి. మీరు రాసిన నాలుగు లైన్లనూ, వాటికి వచ్చిన జవాబునూ మీ ఊరి స్కూల్లో సైన్సు చెప్పే సారుకో, మేడమ్‌కో చూపించండి. దుప్పటి దులిపే ప్రయోగం పిల్లల చేత క్లాసులో చేయించమని అడగండి.